స్తంభం వెనక సీటు

కాస్తెల్ మోరా ఊరి థియేటర్‌లో, పై గ్యాలరీ ఆఖరి వరసలో, స్తంభం వెనక ఒక సీటుంది. దాని టికెట్ ఎవరికీ అమ్మరు.

ఆ ఊళ్ళో ఆపెరా ఉందంటే మెట్ల మీద చోటు కోసం కూడా జనం కొట్టుకు ఛస్తారు. అయినా ఆ ఒక్క సీటూ ఖాళీగానే ఉంటుంది. పక్కన కూర్చున్నవాడు కనీసం తన కోటు కూడా దాని మీద పడెయ్యడు. ఒళ్ళో పెట్టుకుని మూడు గంటలూ చెమటలు కక్కుతూ వింటాడు.

అక్కడినుంచి వేదిక కనిపించదు. స్తంభం అడ్డం. కానీ వినపడటం మాత్రం — హాలు మొత్తంలో అంత స్పష్టంగా మరెక్కడా వినపడదు.

ముప్ఫై యేళ్ళపాటు ఆ సీటు ఎవారిస్తోది. చీజ్ గోదాములో పనిచేసేవాడు. అక్కడ పెద్ద పెద్ద చీజ్ చక్రాలు అరల మీద రెండేళ్ళు మాగుతాయి. ఎవారిస్తో ఒక చిన్న సుత్తి పట్టుకుని ఒక్కో చక్రాన్నీ తట్టి, చెవి ఒగ్గి వినేవాడు. లోపల గట్టిగా ఉంటే ఒక్క దెబ్బ, పక్కదానికి పోయేవాడు. లోపల పగులుందనుకోండి, అక్కడే ఆగి మూడు దెబ్బలు. టక్... టక్... టక్. పైకి ఎంత నిగనిగలాడినా సరే, ఆ చక్రాన్ని అరలోంచి దించేసేవారు. ఆయన చెవి తప్పిన రోజు లేదు.

ఆ సుత్తి జేబులో వేసుకునే ఆపెరాకి వచ్చేవాడు. నాయకుడి పాత్ర పాడే టెనర్ గొంతెత్తి పై స్వరం అందుకోగానే స్తంభం మీద కొట్టేవాడు. ఒక్క దెబ్బ పడితే గ్యాలరీ లేచి చప్పట్లు. మూడు పడితే — ఈలలు. ఆ ఊళ్ళో ఈల వేశారంటే మెచ్చుకుని కాదు. పాడేవాడి మొహాన ఉమ్మేసినట్టు.

పదకొండేళ్ళ కిందట ఒక చలికాలం, ఆ సీట్లోనే పోయాడాయన. తెర పడింది, దీపాలార్పారు, జనం వెళ్ళిపోయారు. ఆయన మాత్రం కూర్చునే ఉన్నాడు. ఊడ్చడానికి వెళ్ళిన థియేటర్ కాపలామనిషి చెసిరా, "ఏం ముసలాడా, ఇంటికి పోవా?" అని భుజం తట్టింది. ఆ తర్వాత నెల రోజులు ఆవిడకి జ్వరం.

అప్పట్నించీ ఆ ఖాళీ సీటు దగ్గర రెండుసార్లు దెబ్బలు వినపడ్డాయట. రెండుసార్లూ మూడేసి. మొదట విన్న టెనర్ మర్నాడు సగం పాటలో గొంతు పోగొట్టుకుని, ఇప్పుడు బొలోన్యాలో టోపీలు అమ్ముకుంటున్నాడు. రెండోవాడు ఏమయ్యాడని అడిగితే ఊళ్ళోవాళ్ళు మాట మార్చి, మీ గ్లాసులో ఇంకాస్త వైను పోస్తారు.

ఇదంతా తెలిసే అక్కడ పాడటానికి ఒప్పుకున్నాడు డేలియో.

డేలియో రవాల్యాకి అప్పుడు ఇరవయ్యేడేళ్ళు. నాలుగేళ్ళ కిందట లారీకి పాల క్యాన్లు ఎక్కిస్తూ పాడుకునేవాడు. ఆ పాట విని అన్సెల్మో మాస్టారు చెయ్యి పట్టుకుని లాక్కుపోయి, తన మేడ మీద గదిలో పెట్టుకుని, తిండి పెట్టి, తిట్టి, పాడటం నేర్పాడు. మొదటి ఏడు బృందగానం గుంపులో వెనకాల నిలబడ్డాడు. రెండో ఏడూ మూడో ఏడూ ఉత్తరం తెచ్చిచ్చే నౌకరు వేషాలు. ఈ ఏడు నాలుగు ఊళ్ళలో నాయకుడి పాత్రలు. మాంతువాలో జనం హోటలు దాకా వెంటబడి వచ్చారు. పేపర్లలో ఫోటో పడింది.

ఇప్పుడు కాస్తెల్ మోరాలో ఆడబోయేది పడవవాడి ఆపెరా. మూడో అంకంలో పడవవాడు వరదలో నిలబడి, అవతలి ఒడ్డున ఉన్న పిల్లని పిలుస్తాడు. ఆ పాట చివర పై స్వరం ఒకటుంది. ఆ స్వరం వినడానికే రేపు సాయంత్రం రైల్లో మిలాన్ నుంచి ఒక పెద్దమనిషి దిగుతున్నాడు. ఆయనకి నచ్చితే వచ్చే ఏడు అక్కడి పెద్ద థియేటర్‌లో డేలియో పాడతాడు. ఇక జన్మలో పాల క్యాను మొహం చూడక్కర్లేదు.

కానీ తొమ్మిది రోజులుగా గొంతులో ఏదో ఉంది.

మాట్లాడేటప్పుడు ఏమీ లేదు. కింది స్వరాల్లో ఏమీ లేదు. పై స్వరానికి వెళ్ళేసరికి లోపల వెంట్రుకేదో అడ్డం పడ్డట్టు ఉంటోంది. ఆ సాయంత్రం రిహార్సల్ అయ్యాక, మొన్నటిలాగే మళ్ళీ రుమాల్లో ఉమ్మి చూసుకున్నాడు. సన్నగా... ఎర్రటి చార.

రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు.

అన్సెల్మో మాస్టారికి చెప్పాల్సిన పని లేదు. నడవాలో ఎదురుచూస్తూ నిలబడి ఉన్నాడు.

"శ్రుతి అర మెట్టు దించి పాడరా. కండక్టర్‌తో మాట్లాడాను. దించి రాసిన స్వరాల కాగితాలు వాద్యాలవాళ్ళ దగ్గర సిద్ధంగా ఉన్నాయి. రేపు పొద్దున పదింటికల్లా నువ్వు ఊఁ అంటే చాలు."

"దించి పాడితే గ్యాలరీవాళ్ళు ఊరుకుంటారా మాస్టారూ? ఈ ఊళ్ళో రొట్టెలమ్మేవాడికి కూడా తెలుసు, ఆ స్వరం ఎక్కడుండాలో. మిలాన్ ఆయన ముందు నాకు ఈలలు వేయించాలని ఉందా?"

"గొంతే పోతే ఈలలు కూడా వెయ్యరు. జాలిపడతారు. అది ఇంకా ఘోరం."

"నా గొంతుకేం? నిక్షేపంలా ఉంది." ఆపైన అనకూడని మాట అనేశాడు. "మీ గొంతు పోయింది కదా అని అందరిదీ పోతుందనుకోకండి."

మాస్టారు కోటు కాలరు పైకి లాక్కుని, తలుపు తీసుకుని మంచులోకి వెళ్ళిపోయాడు. ముప్ఫై యేళ్ళ కిందట ఇదే వేదిక మీద, ఇదే పాట ఆయన పాడాడు. రిహార్సల్ రోజున స్తంభం వెనకనుంచి మూడు దెబ్బలు పడ్డాయి. మర్నాడు పై స్వరం మీద గొంతు పగిలింది. గ్యాలరీ మొత్తం ఈలలేసింది. ఆ తర్వాత ఆయన ఎక్కడా పాడలేదు. ఆ గ్యాలరీ మెట్లూ ఎక్కలేదు.

ఆ రాత్రి డేలియోకి నిద్ర పట్టలేదు. మాస్టారి భార్య పెట్టిన గుమ్మడికాయ గుజ్జు కూరి ఉడికించిన తోర్తెల్లి పళ్ళెంలో అలాగే చల్లారిపోయింది. మంచం మీద దొర్లాడు. లేచి కూర్చున్నాడు. అన్న మాట గుర్తొచ్చి సిగ్గేసింది. రుమాలు గుర్తొచ్చి భయమేసింది.

ఒక్కసారి... ఎవరూ లేనప్పుడు ఒక్కసారి పాడి చూసుకుంటే? బాగా వస్తే రేపు పైనే పాడతా. రాకపోతే...

రాకపోతే ఏమిటన్నది ఆలోచించకుండానే చెప్పులేసుకుని మెట్లు దిగాడు.

థియేటర్ వెనక గుమ్మం దగ్గర చిన్న గదిలో చెసిరా సూప్ తాగుతోంది. రేడియో సన్నగా మోగుతోంది. డేలియోని చూడగానే చెంచా పళ్ళెంలో పడేసింది.

"ఒరే! ఏమిట్రా ఆ మెళ్ళోది? థియేటర్‌కి అరిష్టమని తెలిసీ ఊదారంగు మఫ్లరేసుకుని వస్తావా? నీకేమన్నా మతి పోయిందా? తియ్, తియ్!"

"చీకట్లో కనపడలేదు చెసిరా అత్తా. ఏది చేతికందితే అది చుట్టుకొచ్చా."

"చీకట్లోనే దెయ్యాలకి ఆ రంగు బాగా కనపడేది." మఫ్లరు లాక్కుని పొయ్యి వెనక్కి విసిరేసింది. "ఈ వేళప్పుడు నీకిక్కడేం పని?"

"ఐదు నిమిషాలు. వేదిక మీద నిలబడి వెళ్ళిపోతా."

చెసిరా అతని మొహంకేసి చూసింది. తర్వాత గోడకున్న తాళాల మేకుల వైపు చూసింది. పై గ్యాలరీ తాళంచెవి దాని మేక్కే వేళ్ళాడుతోంది. ఆవిడకి అదొక అలవాటు. రాత్రి పూట అటు ఒకసారి చూడకుండా ఉండలేదు.

"వెళ్ళు మరి. తోడేలు నోట్లో పడు."

శుభం అని పైకి అనకూడదు గనక అక్కడ ఎవరన్నా అదే అంటారు. దానికి వెంటనే "చావనీ దాన్ని" అని బదులివ్వాలి. ఇవ్వకపోతే తోడేలు నోరు మూసుకుంటుందట — లోపల పడ్డవాడితో సహా.

డేలియో ఏదో ఆలోచిస్తూ బదులివ్వడం మర్చిపోయాడు.

వేదిక మధ్యలో ఒక్క బల్బు వెలుగుతోంది. దాని చుట్టూ నాలుగడుగుల వెలుగు. అవతల హాలంతా చీకటి. ఎర్ర కుర్చీలు లేవు, బంగారు రంగు బాల్కనీలు లేవు — ఏదీ లేదు. చీకటే ఊపిరి పీలుస్తున్నట్టుంది.

కింది స్వరాలతో మొదలుపెట్టాడు. మెల్లగా గొంతు వేడెక్కించాడు. పది నిమిషాలు. బాగానే ఉంది. గుండె కాస్త నిబ్బరపడింది. పడవవాడి పాట అందుకున్నాడు. మొదటి చరణం హాలు మొత్తం నిండి మళ్ళీ అతని దగ్గరికే తిరిగొచ్చింది. రెండో చరణం. ఆఖరి మాట. కళ్ళు మూసుకున్నాడు. ఊపిరి నింపుకుని — పైకి.

వచ్చింది. స్వరం వచ్చింది. మోగింది. లోపల ఆ వెంట్రుక కూడా కదిలింది, కానీ బయటికి ఎవరికి తెలుస్తుంది? ఎవరికీ తెలియదు. డేలియో నవ్వుకున్నాడు.

హాలు నిశ్శబ్దమైంది.

టక్.

పైనుంచి.

టక్.

టక్.

తీరిగ్గా, ఎడం ఇచ్చి, పనివాడు కొట్టినట్టు. మూడు.

డేలియో ఒళ్ళంతా చల్లబడిపోయింది.  పైకి చూశాడు. బల్బు వెలుగు కళ్ళలో పడి, చీకటి ఇంకా చిక్కబడింది. ఎక్కడుంది గ్యాలరీ? ఎక్కడుంది ఆ స్తంభం?

"ఎవరూ..." అన్నాడు. ఇందాక హాలంతా నింపిన గొంతులోంచి పిల్లి కూత వచ్చింది.



ఎంతసేపు అలా నిలబడ్డాడో అతనికే తెలియదు. కర్రలు చిటపటలాడి ఉంటాయి... చలికి పాత కర్ర ముడుచుకుంటే శబ్దం వస్తుంది... ఎలకలు... మనసుకి వంద కారణాలు చెప్పుకున్నాడు. చెప్పుకున్న కొద్దీ వీపు మీద చెమట. పారిపోదామంటే, ఇప్పుడు పారిపోతే రేపు ఇక్కడ నిలబడలేడు. ఆ సంగతి అతనికి స్పష్టంగా తెలుసు.

ఇంకొక్కసారి. కర్ర శబ్దమే అయితే మళ్ళీ రాదుగా.

ఆఖరి చరణం అందుకున్నాడు. పైకి వెళ్ళాడు. వెంట్రుక ఈసారి గట్టిగా లాగింది. నాలుక మీద ఉప్పగా తగిలింది.

టక్ టక్... టక్.

ఈసారి దెబ్బలు కాస్త తడబడ్డట్టున్నాయి. కానీ మూడే.

డేలియో పరుగెత్తాడు. తెరలకి తగులుకుంటూ, తాళ్ళు తన్నుకుంటూ వెనక గుమ్మం దాకా వచ్చాడు. చెసిరా కుర్చీలో తల వాల్చి గురకపెడుతోంది. రేడియోలో ఉత్త గరగర. అతని కళ్ళు తాళాల మేకుల మీద పడ్డాయి.

పై గ్యాలరీ మేక్కి తాళం లేదు.

అప్పుడు అతనికి భయంతోపాటు కోపం కూడా వచ్చింది. దెయ్యానికి తాళంచెవి ఎందుకు? ఎవడో గ్యాలరీవాడే! రేపు నన్ను కూలదోయాలని ఈ రాత్రే మొదలెట్టాడు! ఆ కోపం చల్లారకముందే అక్కడికి చేరాలి. చల్లారితే ఇక కాళ్ళు కదలవు.

గ్యాలరీ మెట్లు లోపలినుంచి లేవు. పక్క సందులోకి వెళ్ళి, వేరే తలుపులోంచి ఎక్కాలి. సందంతా పాలు ఒలికినట్టు మంచు. చాచిన చెయ్యి కనిపించడం లేదు. గోడ తడుముకుంటూ నడిచాడు. చేతికి తలుపు తగిలింది.

తెరిచే ఉంది.

మొత్తం తొంభై ఆరు మెట్లు. పాతిక దాకా లెక్కపెట్టాడు. తర్వాత లెక్క తప్పింది. కోపం నలభయ్యో మెట్టు దగ్గరే చల్లారిపోయింది. ఆపైన ఎక్కించింది ఏమిటో అతను తర్వాత ఎంత అడిగినా చెప్పలేకపోయాడు. మధ్యలో ఒక వాసన ముక్కుకి తగిలింది — పాల విరుగుడు, ఉప్పు, పాత చెక్క అరలు. చిన్నప్పటినుంచీ తెలిసిన వాసన. చీజ్ గోదాము వాసన. థియేటర్ మెట్ల మీద ఆ వాసనకేం పని?

పైకి చేరాడు. వరసలు తడుముకుంటూ వెళ్ళాడు. ఎక్కడో దగ్గర్లో... ఎవరో ఊపిరి పీలుస్తున్నారు. బరువుగా. ఆయాసంగా.

జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు. మొదటి పుల్ల విరిగింది. రెండోది వెలిగింది.

ఆ సీట్లో ఒక మనిషి కూర్చుని ఉన్నాడు.

టోపీ. వంగిన భుజాలు. మోకాలి మీద చెయ్యి. ఆ చేతిలో చిన్న సుత్తి.

డేలియో నోరు తెరిచాడు. కేక గొంతు దాకా వచ్చింది. ఆ మనిషి మెల్లగా ఇటు తిరిగాడు.

"అరవకు. గొంతు పాడవుతుంది."

అగ్గిపుల్ల వేళ్ళు కాల్చింది. డేలియో దాన్ని పడేసి, ఉన్నచోటే మెట్టు మీద కూలబడ్డాడు. "మా... మాస్టారూ!"

"నేనే. మరెవరనుకున్నావ్?"

ప్రాణం లేచొచ్చింది. వెంటనే ఏడుపొచ్చింది. ఆ వెంటనే ఒళ్ళు మండిపోయింది. "మీకు బుద్ధుందా? మీరు... మీరు ఇలాంటి పని చేస్తారా? నా గుండె ఆగిపోయేది!"

"గుండె ఆగితే మళ్ళీ కొట్టుకుంటుంది. గొంతు చిరిగితే మళ్ళీ కలవదు." మాస్టారి గొంతు చీకట్లో బొంగురుగా ఉంది. "మాటలతో చెప్తే విన్నావా? తలుపు తీసుకుని బయటికి పోవడం విన్నా. ఎక్కడికో తెలుసు కాబట్టి వెనకాలే వచ్చా. చెసిరా నిద్రలో ఉంది. తాళం తీసుకున్నా. మోకాళ్ళు విరిగేలా ఎక్కి వచ్చా, నీకోసం."

"ఈ సుత్తి ఎక్కడిది?"

"ఎవారిస్తోది. ఆయన పోయాక ఆయన భార్య తెచ్చిచ్చింది. నాకే ఇమ్మన్నాడట. దాంతోపాటు ఒక మాట కూడా పంపాడు. 'ఆ పిచ్చివాడికి ఆగమని చెప్పడానికే కొట్టాను, వాడు వినలేదు' అన్నాడట."

డేలియో చీకట్లోనే సీటుకి దగ్గరగా జరిగాడు.

"గోదాములో మూడు దెబ్బలు పడ్డ చక్రాన్ని ఏం చేస్తారు? నువ్వూ ఈ ప్రాంతం వాడివేగా. పారేస్తారా?"

"లేదు. పక్కకి తీసి... చల్లటి చోట, కింది అరలో పెడతారు. వేడిలో ఉంచితే పగిలిపోతుందని."

"మరి! మూడు దెబ్బలంటే దీన్ని జాగ్రత్తగా చూసుకోండని. ఊరు ఊరంతా రోజూ ఆ పనే చేస్తూ, థియేటర్లోకి వచ్చేసరికి ఈలలెయ్యమన్నాడని అనుకుంది. నేనూ అదే అనుకున్నా. రిహార్సల్లో ఆయన కొట్టాడు. నేను పంతం పట్టి మర్నాడు ఇంకా గట్టిగా పాడా. రుమాల్లో నెత్తురు చూసుకుని కూడా పాడా." మాస్టారి చెయ్యి చీకట్లో వచ్చి డేలియో భుజం మీద పడింది. "నీ రుమాలు కూడా చూశానురా. ఉతకడానికి వేసిన బట్టల్లో... మొన్న."

డేలియో తల వంచుకున్నాడు. "ఆ మాట అనకుండా ఉండాల్సింది మాస్టారూ. సాయంత్రం."

"అన్నది నిజమేగా. వదిలెయ్."

 కింద, చాలా దూరంలో, వేదిక మీద ఆ ఒక్క బల్బు. డేలియోకి ఇప్పుడు నవ్వొస్తోంది. తనకిందాక ఎంత భయం వేసిందో తలుచుకుని.

"కానీ మాస్టారూ, మొదటిసారి మాత్రం నిజంగా చచ్చాననుకున్నా. ఎంత నిదానంగా కొట్టారూ! అచ్చం గోదాములో కొట్టినట్టే. రెండోసారి మీ చెయ్యి వణికినట్టుంది."

మాస్టారి చెయ్యి అతని భుజం మీదనుంచి జారిపోయింది.

"మాస్టారూ?"

"రెండుసార్లు... ఎక్కడ్రా?" మాస్టారి గొంతు సన్నబడింది. "నేను కొట్టింది ఒక్కసారే."

"కాదు, నేను రెండుసార్లు పాడాను..."

"నువ్వు మొదటిసారి పాడినప్పుడు నేను మెట్ల మీదే ఉన్నా. సగం దూరంలో. పైనుంచి కొట్టడం నేనూ విన్నా. చలికి పాత కర్ర చిటపటలాడిందనుకున్నా. పైకొచ్చి చూస్తే... ఎవరూ లేరు."

డేలియో ఇంకో పుల్ల గీశాడు. మాస్టారి మొహం సున్నం కొట్టినట్టుంది. పక్కనే స్తంభం. ముప్ఫై యేళ్ళ దెబ్బలకి చెక్క మీద గుంటలు. వాటి మీద పదకొండేళ్ళ దుమ్ము. ఆ దుమ్ములో —

మాస్టారు కొట్టినచోట మూడు మచ్చలు, ఒకదాని మీద ఒకటి, వంకరగా. దానికి జానెడు పైన... ఇంకో మూడు. వరసగా. ఎడం ఇచ్చి.

పుల్ల ఆరిపోయింది.

మాస్టారు తను కూర్చున్న సీటు ఎవరిదో అప్పుడే గుర్తొచ్చినట్టు దిగ్గున లేచాడు. మోకాళ్ళ నొప్పులన్న మనిషి తొంభై ఆరు మెట్లూ డేలియో కంటే ముందు దిగాడు. చెసిరా ఇప్పటికీ ఆ సంగతి చెప్పి పొట్ట పట్టుకుని నవ్వుతుంది. ఆ రాత్రి మాత్రం నవ్వలేదు. ఇద్దరి మొహాలూ చూసి, ఒక్క మాటా అడక్కుండా, గదిలో దీపాలన్నీ వెలిగించి, తెల్లారేదాకా వేడి వైను పోస్తూ కూర్చుంది.

పొద్దున పదింటికి డేలియో కండక్టర్ దగ్గరికి వెళ్ళి, "దించండి" అన్నాడు.

"గ్యాలరీ సంగతి తెలుసుగా?"

"తెలుసు. ఈలలు పడితే పడనీండి. గొంతుంటే ఇంకో ఊళ్ళో పాడతా."

అన్నాడే గాని భయం పోలేదు. మాస్టారి దగ్గర ఆ సుత్తి అడిగి తీసుకుని, పడవవాడి వేషంలో నడుముకి కట్టుకునే తోలు సంచిలో వేసుకున్నాడు. సుత్తి తన దగ్గరే ఉంటే ఇక ఎవరూ కొట్టలేరు కదా. అదీ అతని లెక్క.

సాయంత్రం హాలు కిక్కిరిసిపోయింది. మొదటి బాల్కనీలో మిలాన్ పెద్దమనిషి చేతులు కట్టుకుని కూర్చున్నాడు. పై గ్యాలరీలో జనం చీమల్లా ఉన్నారు. స్తంభం వెనక మాత్రం ఒక ఖాళీ.

తెర పక్కనుంచి చెసిరా గుసగుసలాడింది. "తోడేలు నోట్లో పడు."

"చావనీ దాన్ని," అన్నాడు డేలియో వెంటనే.

మూడో అంకం. పడవవాడి పాట. వాద్యాలు మొదటి నాలుగు స్వరాలు పలికాయో లేదో, పైన గుసగుస బయల్దేరింది. దించారు... దించేశారు... అర మెట్టు! కుర్చీలు కిర్రుమన్నాయి. ఎవడో నిట్టూర్చాడు, అందరికీ వినపడేలా. డేలియో పాడుతూనే ఉన్నాడు.  రెండో చరణం. ఆఖరి మాట. ఊపిరి నింపుకున్నాడు.

స్వరం వెళ్ళింది. వెంట్రుక లేదు. ఉప్పు లేదు. అర మెట్టు కిందనే, కానీ గుండ్రంగా, గట్టిగా... హాలు చివరిదాకా వెళ్ళి అక్కడ నిలబడింది. అలాంటి స్వరం డేలియో నోట అంతకుముందెప్పుడూ రాలేదు.

ఆగింది.

నిశ్శబ్దం. పైన మూడొందల మంది ఒక్కసారే ఊపిరి పీల్చారు. వేళ్ళు నోటి దగ్గరికి వెళ్ళాయి. డేలియో కళ్ళు మూసుకున్నాడు.

టక్.

స్తంభం వెనకనుంచి.

ఎవరూ కదల్లేదు. పెదాల దాకా వెళ్ళిన వేళ్ళు అలాగే ఉండిపోయాయి. హాలు హాలంతా రెండో దెబ్బ కోసం చూసింది. క్షణం. ఇంకో క్షణం. వాద్యాలవాళ్ళు కూడా తలలెత్తి పైకి చూస్తున్నారు.

రెండోది పడలేదు.

గ్యాలరీలో ఒక ముసలాయన మెల్లగా లేచి టోపీ తీశాడు. అతని పక్కవాడూ తీశాడు. ఆపైన విరుచుకుపడ్డ చప్పట్లకి పైకప్పు సున్నం రాలింది. కింద మిలాన్ పెద్దమనిషి కూడా ఎందుకో తెలియకుండానే లేచి నిలబడ్డాడు.

డేలియో తెర పక్కకి చూశాడు. మాస్టారు అక్కడే ఉన్నాడు. తెల్లబోయి, రెండు ఉత్త చేతులూ చాపి చూపిస్తున్నాడు.

చప్పట్లు ఆగడం లేదు. డేలియో వంగి దణ్ణం పెడుతూ, ఎవరికీ కనపడకుండా, నడుముకున్న తోలు సంచి తడిమి చూసుకున్నాడు.

సుత్తి సంచిలోనే ఉంది.